ల్యాబ్ పుస్తకంలో ఏడో సూచన

చెవి బాబాయ్‌కి ఆ పేరు పెట్టింది పిల్లలే. పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన యూనివర్సిటీలో డిజిటల్ కంట్రోల్ ల్యాబ్ టెక్నీషియన్. మోటారు మొరాయిస్తే అందరూ మీటరు కోసం వెతుక్కుంటారు. ఈయన బల్ల మీద అరచెయ్యి ఆనించి, తల కాస్త పక్కకి వంచి, రెండు నిమిషాలు వింటాడు. "బేరింగు ఎండిపోయింది" అంటాడు. విప్పి చూస్తే ఎండిపోయే ఉంటుంది. ఇంజనీరింగ్ డిగ్రీ లేని మనిషికి అంత చెవి ఎలా వచ్చిందని ప్రొఫెసర్లు కూడా ముక్కున వేలేసుకునేవాళ్లు. అన్నీ వినే ఆ చెవి వల్లే ఆయనకి ముసలితనంలో మనశ్శాంతి లేకుండా పోయిందని మాత్రం ఎవరికీ తెలియదు.

ల్యాబ్ పొడవాటి గది. ఆరు బల్లలు. ఒక్కో బల్ల మీదా మీటరున్నర పట్టాలు, వాటి మీద ముందుకీ వెనక్కీ పరిగెత్తే చిన్న బండి, బండి మీద కీలుతో బిగించిన సన్నటి కడ్డీ. వదిలేస్తే కడ్డీ కిందికి వేలాడుతుంది. దాన్ని నిటారుగా పైకి నిలబెట్టాలి. అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట అందరూ ఆడే ఉంటారు. కర్ర ఎటు వాలితే చెయ్యి అటు పోవాలి. ఇక్కడ చెయ్యి బదులు మోటారు, కన్ను బదులు కంప్యూటరు. కంప్యూటరు సెకనుకి వందసార్లు కడ్డీ వాలు చూసుకుని, చూసిన ప్రతిసారీ మోటారుకి ఎంత తోయాలో చెబుతుంది. ఆ చెప్పే ప్రోగ్రాం విద్యార్థి రాయాలి. పరీక్షలో మూడు ప్రయత్నాలు ఇస్తారు. వాటిలో ఒక్కసారైనా కడ్డీ నిమిషంపాటు నిలబడితే గట్టెక్కినట్టు. లేకపోతే ఆ ఏడు పోయినట్టే. రెండో ఏడూ తప్పితే సీటే పోతుంది.

ఈ రూలు మేడమ్‌ది. మేడమ్ అంటే ల్యాబ్‌కి పెద్ద. ఒకప్పుడు ఇదే ల్యాబ్‌లో చదివిన పిల్ల. చదువు చెప్పడమంటే ఆమెకి ప్రాణం, మార్కుల దగ్గర మాత్రం కన్నతల్లినైనా వదలదు. గుమ్మం పక్క గోడ మీద ఆమె చేతి ప్రోగ్రాం అద్దాల ఫ్రేములో వేలాడుతూ ఉంటుంది. అరవై వరుసలు అచ్చేసిన కాగితం. పై వరుసల్లో ఒకచోట ముప్పై ఆరు అనే అంకెని కొట్టేసి, పక్కన నీలం పెన్నుతో ముప్పై ఎనిమిది అని దిద్ది ఉంటుంది. ప్రతి ఏడూ మొదటి క్లాసులో మేడమ్ ఆ ఫ్రేము కింద నిలబడి కథ చెబుతుంది.

"నా పరీక్షలో రెండుసార్లు కడ్డీ పడిపోయింది. టీ విరామంలో చదువు మానేస్తానని రాసిన కాగితం నా సంచీలోనే ఉంది. కానీ ఏడుస్తూ కూర్చోలేదు. లెక్క మళ్లీ వేశాను. ముప్పై ఆరు కాదు, ముప్పై ఎనిమిది కావాలి అని తేలింది. మార్చాను. నిలబడింది. లెక్క సరిగ్గా ఉంటే కడ్డీ పడదు. పడిందంటే మీ లెక్క తప్పని అర్థం. మా బాబాయ్‌నే అడగండి, ఆ రోజు ఇక్కడే ఉన్నాడు."

పిల్లలు బాబాయ్ కోసం తల తిప్పి చూస్తారు. బాబాయ్ కనపడడు. ఆ కథ మొదలయ్యే ముందే స్క్రూలు లెక్కపెట్టాలంటూ సామాన్ల గదిలోకి జారుకుంటాడు. పదేళ్లుగా అవే స్క్రూలు.

ఆ రోజు జరిగింది ఇదీ. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. రెండుసార్లు పడిపోయాక అందరూ టీకి వెళ్లారు. ఆ పిల్ల వరండా చివర కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటోంది. కడుక్కోవడం అయిపోయినా కుళాయి కట్టడం లేదు. బాబాయ్ కిటికీలోంచి చూశాడు. ఆ పిల్ల లెక్కలో తప్పు లేదని ఆయనకి తెలుసు, ఎందుకంటే మోటారుని విన్నాడు. ప్రోగ్రాం సవ్యంగా నడుస్తుంటే మోటారు కుట్టుమిషనులా సాఫీగా మోగుతుంది. అది ఎక్కిళ్లు పెడుతోంది. అంటే కంప్యూటరు ఎక్కడో ఆలస్యం చేస్తోంది. వెళ్లి చూశాడు. ప్రోగ్రాం అడుగున ఒక వరుస ఉంది. వాలు ఎంతుందో చూసిన ప్రతిసారీ ఆ అంకెని స్క్రీన్ మీద రాయమని చెప్పే వరుస. రాయడానికి పట్టే సమయంలో కడ్డీ వాలిపోతోంది. అరచేతిలో కర్ర నిలబెడుతూ, అది ఎటు వాలుతోందో ప్రతిసారీ పక్కవాడికి చెప్పి అప్పుడు చెయ్యి కదిపితే ఏమవుతుంది? అదే అయింది.

ఆయన ఆ వరుసలో చిన్న మార్పు చేశాడు. ప్రతిసారీ కాకుండా యాభై సార్లకి ఒకసారి రాయమన్నాడు. స్క్రీన్ మీద అంకెలు ఎప్పటిలాగే పరిగెత్తుతాయి, ఎవరికీ తేడా తెలియదు. ఆ పని అర నిమిషంలో అయిపోయింది. ఆ పిల్ల వచ్చి, పైన ముప్పై ఆరుని ముప్పై ఎనిమిది చేసి, అడుగుకి వెళ్లి చూడకుండానే మీట నొక్కింది. కడ్డీ నిలబడింది. నిమిషం దాటి, రెండు నిమిషాలు దాటి నిలబడే ఉంది. ఆ పిల్ల బాబాయ్ రెండు చేతులూ పట్టుకుని ఎగిరింది. సంచీలోంచి కాగితం తీసి ముక్కలుముక్కలు చేసింది. ఆ సంతోషంలో నిజం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? రేపు చెబుదాం అనుకున్నాడు. రేపటికి పరీక్షల కంప్యూటర్లలోని ప్రోగ్రాంలన్నీ చెరిపేశారు. ఆ పిల్ల దగ్గర విరామానికి ముందు అచ్చేసుకున్న కాగితం ఒక్కటే మిగిలింది. అదే ఇప్పుడు గోడ మీద ఉంది.

ఒక్కసారితో ఆగితే దాన్ని మంచితనం అనుకోవచ్చు. ఆ పిల్ల పై చదువులు చదివి, టీచరై తిరిగొచ్చి, ల్యాబ్ పుస్తకం కొత్తగా రాసింది. అందులో ఏడో సూచన: చూసిన ప్రతిసారీ వాలును స్క్రీన్ మీద రాయించవలెను, రెండు మార్కులు. ఎందుకు రాసిందంటే, తను అలాగే చేసింది, నిలబడింది. పుస్తకం అచ్చుకి వెళ్లే ముందు బాబాయ్‌కే ఇచ్చి చదవమంది. "నీ కంటికి ఏదైనా తప్పు కనబడితే మొహమాటపడకు బాబాయ్" అంది. ఆయన ఏడో సూచన దగ్గర చాలాసేపు ఆగాడు. చెబితే ఎలా తెలుసని అడుగుతుంది. అడిగితే ఫ్రేము దాకా పోతుంది. "బాగుంది మేడమ్" అని తిరిగిచ్చేశాడు.

అప్పట్నుంచి ప్రతి పరీక్షలో టీ విరామం ఆయన డ్యూటీ అయింది. పిల్లలు టీ తాగొచ్చేలోగా ఆరు బల్లలూ చుట్టి, ఏడో సూచన చేసిన అపకారాన్ని ఒక్కొక్క వరుసగా సరిచేసేవాడు. కడ్డీలు నిలబడేవి. మేడమ్ మురిసిపోయేది. పుణ్యమే చేస్తున్నానని తనకి తాను నచ్చజెప్పుకునేవాడు. మనసుకి నచ్చజెప్పడంలో మనిషిని మించినవాడు లేడు కదా.

రెండేళ్ల కిందట పాత కంప్యూటర్లు పోయి మోటారుని నడిపే కొత్త బోర్డులు వచ్చాయి. ప్రోగ్రాం ఒకసారి ఎక్కించాక తాళం పడుతుంది. విద్యార్థి పాస్‌వర్డ్ లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. మొదటి పరీక్షలోనే ఆరుగురి కడ్డీలు పడిపోయాయి. తర్వాతి పరీక్షలో మరో అయిదుగురివి. తమాషా ఏమిటంటే, ఏడో సూచన మర్చిపోయినవాళ్లవి మాత్రం నిలబడ్డాయి. వాళ్లకి రెండు మార్కులు పోయాయి గానీ పరీక్ష గట్టెక్కారు. వాళ్లు లెక్కల్లో గట్టివాళ్లని మేడమ్ మెచ్చుకుంది. చెప్పినట్టల్లా చేసిన పదకొండు మందినీ తప్పించింది. వాళ్లలో నలుగురు మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు.

"ఈ కాలం పిల్లలకి లెక్క వెయ్యడానికి ఒళ్లు వంగదు బాబాయ్" అనేది మేడమ్.

బాబాయ్ స్క్రూల డబ్బా అందుకునేవాడు.

ఆ పదకొండు మందిలో స్వెటరు పిల్ల ఒకతి. ల్యాబ్‌లో ఏసీ చలికి ఎప్పుడూ బూడిదరంగు స్వెటరు వేసుకుని, వేళ్లు దాని పొడవాటి చేతుల్లోకి ముడుచుకుని కూర్చుంటుంది. ఇది ఆమెకి రెండో ఏడు. గురువారం పరీక్ష. తప్పితే సీటు పోతుంది. సోమవారం సాయంత్రం ల్యాబ్ మూసే వేళ ఆ పిల్ల బాబాయ్ దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, నాలుగు పుస్తకాలు పెట్టి లెక్క చూశాను. ముగ్గురు సీనియర్లకి చూపించాను. అందరూ కరెక్టే అంటున్నారు. మరి ఎందుకు పడిపోతోంది? మీరు విన్నారు కదా. ఏం తప్పు చేస్తున్నాను నేను?"

ఆయన తాళంచెవుల గుత్తి కేసి చూస్తూ అన్నాడు. "లెక్క ఇంకోసారి చూసుకో తల్లీ."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. ఇంటికి వెళ్లే దారంతా ఆ మాటే వెంట నడిచింది. పద్దెనిమిదేళ్లుగా దాచడమే చేశాడు గానీ, విద్యార్థికి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. అదీ, సాయం అడిగిన పిల్లకి.

ఇంట్లో భార్య మిషను మీద ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. బట్టలు దిద్ది ఇవ్వడం ఆమె పని. ఆయన చెప్పుల్లోంచి కాళ్లు తియ్యకుండానే గుమ్మంలో కూర్చుని మొత్తం చెప్పేశాడు. ఆమె పెడలు మీద కాలు ఆపి విన్నది.

"ఇన్నేళ్లు నాక్కూడా చెప్పలేదేంటండీ?"

"చెబితే ఆవిడకి చెప్పమంటావు."

"అంటాను మరి."

"ఆవిడ తట్టుకోలేదే. ఆ కాగితం మీదే బతుకంతా కట్టుకుంది. కూలిపోతుంది."

భార్య దారం కొరికి తెంపింది. "ఆవిడ కూలిపోతుందని కాదు మీ భయం. మిమ్మల్ని బాబాయ్ అనడం మానేస్తుందని. దానికి ఆ పిల్ల సీటు ఖర్చు చేస్తారా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మిషను మళ్లీ మోగింది, సాఫీగా.

మంగళవారం చెబుదామనుకున్నాడు, మేడమ్‌కి మీటింగు. బుధవారం ఆమె గది తలుపు దాకా వెళ్లాడు. "రా బాబాయ్, నీ రిటైర్మెంటు రోజు ఆ ఫ్రేము నీకే ఇచ్చేద్దామనుకుంటున్నాను. దానికి సాక్షివి నువ్వే కదా" అంది. పరీక్షకి బల్లలు సిద్ధమని చెప్పి వెనక్కి వచ్చేశాడు. పిరికితనానికి కూడా ఒక హద్దుండాలి. ఆయనది ఆ హద్దు ఎప్పుడో దాటింది.

గురువారం ఉదయం పరీక్ష. స్వెటరు పిల్ల రెండో బల్ల. మొదటి ప్రయత్నంలో కడ్డీ తొమ్మిది సెకన్లు నిలబడి పడిపోయింది. రెండోసారి ఆరు సెకన్లు. బాబాయ్ వెనకే నిలబడి ఉన్నాడు. మోటారు ఎక్కిళ్లు ఆయన చెవుల్లో కాదు, గుండెల్లో వినపడుతున్నాయి. మేడమ్ గడియారం చూసి టీ విరామం ఇచ్చింది. పిల్లలు బయటికి వెళ్లారు.

అలవాటు కొద్దీ బాబాయ్ కాళ్లు రెండో బల్ల వైపు నడిచాయి. బోర్డు మీద తాళం గుర్తు ఎర్రగా వెలుగుతోంది. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. చివర కుళాయి దగ్గర స్వెటరు పిల్ల ముఖం కడుక్కుంటోంది. అదే కుళాయి.

ఆయన గుమ్మం దగ్గరికి వెళ్లి, స్టూలు ఎక్కి, గోడ మీంచి ఫ్రేము దించాడు. తెచ్చి మేడమ్ ముందు పెట్టాడు.

"మేడమ్, దీన్ని ఒక్కసారి నడిపి చూడండి. పాత కంప్యూటరు ఒకటి నాలుగో బల్ల మీద ఇంకా ఉంది, వాడకపోయినా పని చేస్తుంది. ఇందులో ఉన్నది ఉన్నట్టు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇంకెప్పుడూ మిమ్మల్ని ఏమీ అడగను."

మేడమ్ నవ్వింది. "మంచి ఆలోచనే. ఆ పిల్ల వచ్చేసరికి నిలబెట్టి చూపిద్దాం. కాస్త ధైర్యం వస్తుంది. టీ అరగంట అని చెప్పు." కుర్చీ లాక్కుని కూర్చుని అరవై వరుసలూ చకచకా కొట్టేసింది. సగం చూడకుండానే కొట్టింది, కంఠతా వచ్చు కాబట్టి. బాబాయ్ కడ్డీని పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె మీట నొక్కింది. ఆయన వదిలాడు.

ఏడు సెకన్లు.

"కేబుల్ వదులైందేమో చూడు."

కేబుల్ బిగుతుగానే ఉంది. రెండోసారి ఎనిమిది సెకన్లు. మేడమ్ కాగితం కేసి, స్క్రీన్ కేసి మార్చి మార్చి చూసింది. ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూసింది. మూడోసారి కడ్డీ పట్టాలకి తగిలి టంగుమంది.

"ముప్పై ఎనిమిదే కదా పెట్టాను?"

"ముప్పై ఎనిమిదే మేడమ్. తప్పు అక్కడ లేదు. ఆ రోజూ అక్కడ లేదు."

అప్పుడు చెప్పాడు. కుళాయి, అడుగున ఉన్న వరుస, యాభై సార్లకి ఒకసారి, తర్వాత ఏడో సూచన, ఏటేటా టీ విరామాలు, పదకొండు మంది, సోమవారం స్వెటరు పిల్లతో చెప్పిన అబద్ధం. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ కడ్డీ పట్టుకునే ఉన్నాడు, చేతులకి ఇంకేం పని చెప్పాలో తెలియక.

మేడమ్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. స్క్రీన్ అడుగుకి వెళ్లి, ఆ వరుసని తనే మార్చింది. మీట నొక్కింది. ఆయన వదిలాడు. కడ్డీ నిలబడింది. మోటారు సాఫీగా మోగుతోంది. ఆమె దాన్ని ఆపి, పైకి వెళ్లి ముప్పై ఎనిమిదిని చెరిపి ముప్పై ఆరు పెట్టింది. మళ్లీ మీట నొక్కింది.

అప్పుడు కూడా నిలబడింది.

బాబాయ్ జీవితంలో నిలబడిన కడ్డీని చూసి అంత భయపడటం అదే మొదటిసారి.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నవ్వుతున్నారు మేడమ్."

"పుస్తకం ఇచ్చినప్పుడు?"

ఆయన తల దించుకున్నాడు.

"సోమవారం?" అంది మేడమ్.

ఆమె లేచి, వరండాలోంచి పిల్లలందరినీ లోపలికి పిలిచింది. "పుస్తకంలో ఏడో సూచన తప్పు. రాసింది నేను. అది చేసినవాళ్లు ఆ వరుస తీసేసి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించండి. ఇంతవరకూ పోయిన ప్రయత్నాలు లెక్కలోకి రావు." స్వెటరు పిల్ల వేళ్లు ఆ పొడవాటి చేతుల్లోంచి బయటికి వచ్చాయి. వరుస తీసేసింది. ఎక్కించింది. కడ్డీ నిలబడింది. నిమిషం అయ్యాక ఆ పిల్ల అక్కడే బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. తోటిపిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పు పట్టింది ఆయన చెవే అనుకుని ఎవరో "చెవి బాబాయ్‌కి జై" అన్నారు. ఆ జై ఆయనకి చెంపదెబ్బలా తగిలింది. ఏడవడం ఆపి ఆ పిల్ల ఆయన వైపు చూసింది. కృతజ్ఞతతో చూసిందో, సోమవారం మాట గుర్తొచ్చి చూసిందో పోల్చుకునే ధైర్యం ఆయనకి లేకపోయింది.

మధ్యాహ్నం మేడమ్ ఆయన్ని తన గదికి పిలిపించింది. బల్ల మీద రెండేళ్ల మార్కుల రిజిస్టరు, ఫోను. పక్కనే ఖాళీ ఫ్రేము. కాగితం అందులో లేదు.

"కూర్చోండి" అంది. ఆ 'అండి' ఆయన విన్నాడు. బాబాయ్ అన్న మాట వెనకాల వస్తుందేమోనని ఆగాడు. రాలేదు. భార్య మాట గుర్తొచ్చింది.

"స్వెటరు పిల్ల కాకుండా పది మంది. మళ్లీ పరీక్ష పెట్టడానికి ఉత్తరం రాశాను, ఒప్పుకుంటారో లేదో తెలియదు. వాళ్లందరికీ నేను ఫోన్ చేస్తాను, క్షమించమని అడుగుతాను. సూచన రాసిన తప్పు నాది. కానీ అది నాకు తెలియని తప్పు. తెలిసినవాళ్లు ముందు మాట్లాడాలి."

ఆయన ఫోను తీసుకున్నాడు. మొదటి పేరు చదువు మానేసిన నలుగురిలో ఒకడిది. ఇవాళ పొద్దున స్వెటరు పిల్ల కూర్చున్న రెండో బల్లే వాడిదీ. ఎప్పుడూ ఈలవేస్తూ పని చేసేవాడని ఆయనకి గుర్తు. మూడోసారి కడ్డీ పడిపోయినప్పుడు ఈల ఆపి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

వాడే ఎత్తాడు. వెనక పార్సిళ్లు దొర్లిస్తున్న చప్పుడు. "బాబాయ్! మీరా! గుర్తున్నానా నేను?" గొంతులో సంతోషం. గోదాములో సరుకు దించే చోట పని చేస్తున్నానన్నాడు. పర్వాలేదన్నాడు. మీ చెవి ఎలా ఉందని అడిగి నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, బాబాయ్ చెప్పాడు. నీ లెక్క తప్పు కాదు నాయనా, అన్నాడు. పుస్తకం తప్పు, అన్నాడు. అంతవరకూ మాటలు బాగానే వచ్చాయి.

అవతల పార్సిళ్ల చప్పుడు ఆగింది.

"లెక్కలు నా తలకి ఎక్కవని ఇంట్లో చెప్పాను బాబాయ్. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను." కాస్త ఆగాడు. "ఆ రోజు మీరు నా వెనకే నిలబడ్డారు కదా. నా మోటారు విన్నారా?"

మేడమ్ ఎదురుగా కూర్చుని ఆయన్నే చూస్తోంది.

"విన్నాను" అన్నాడు చెవి బాబాయ్.

అవతల ఎవరో బండి తోసుకుంటూ వెళ్లారు. ఆ చప్పుడు దూరమైంది. మాట రాలేదు, ఫోనూ పెట్టెయ్యలేదు. ఆయన దాన్ని చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు.